బిల్లులో స్లాబు, నెత్తి మీద స్లాబు

మాది ఖమ్మం. రెండంతస్తుల ఇంట్లో పై పోర్షన్. అంటే మా నెత్తి మీద స్లాబు, స్లాబు మీద సూర్యుడు, మధ్యలో ఇంకేమీ లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మా ఇంట్లో రాత్రి పదకొండింటికి స్టూలెక్కి స్లాబుకి చెయ్యి ఆనిస్తే, పొయ్యి కట్టేసిన పావుగంటకి పెనం ఎలా ఉంటుందో అలా తగిలేది. ఎండాకాలం నెలకి 230, 240 యూనిట్లు కాలేవి. అందరూ చెప్పే సలహా విని నేను మొదట చేసిన పని ఇంట్లో ఉన్న ఆరు సీఎఫ్ఎల్ బల్బులు పీకి ఎల్ఈడీలు పెట్టడం. బిల్లు నాలుగైదు యూనిట్లు తగ్గింది. అంతే. 14 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే మిగిలేది 5 వాట్లు, ఆరు బల్బులు రోజుకి ఐదు గంటలు వెలిగినా నెలకి నాలుగున్నర యూనిట్లే కదా. ఆ లెక్క కొనేముందు వేసుకోవాల్సింది, కొన్నాక వేసుకున్నాను.

కాబట్టి ఏదీ కొనకముందు, ఎవరినీ పిలవకముందు, మీరు చేయాల్సిన మొదటి పని చెప్తాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వెళ్లి మీ మీటరు ముందు నిలబడండి.

ముందు మీటరు

ఇప్పటి డిజిటల్ మీటర్లకి ముందువైపు ఒక చిన్న ఎర్ర లైటు ఉంటుంది, మినుకు మినుకుమంటూ. దాని పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో 3200 ఇంప్ పర్ కేడబ్ల్యూహెచ్ అనో, 1600 అనో, 6400 అనో రాసి ఉంటుంది. మా మీటరు మీద 3200 ఉంది. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్ కాలినట్టు. ఒక యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు గంటసేపు నడవడం, ఇది చిన్నప్పుడు చదువుకున్నదే.

ఇక లెక్క సులువు. నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 60తో గుణించండి, వచ్చినదాన్ని 3200తో (లేదా మీ మీటరు మీద ఉన్న సంఖ్యతో) భాగించండి. గంటకి ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో వచ్చేస్తుంది. నిమిషానికి 20 సార్లు వెలిగిందనుకోండి, 1200ని 3200తో భాగిస్తే 0.375. అంటే ఆ క్షణంలో మీ ఇల్లు 375 వాట్లు లాగుతోంది.

దీన్ని ఒక రాత్రి, అందరూ పడుకున్నాక చేయండి. ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్క పది నిమిషాలు కట్టేయండి (ఇంట్లోవాళ్లు తిడతారు, చెప్పి చేయండి), ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేయండి. ఇప్పుడు ఇంట్లో ఏదీ నడవడం లేదు కదా, లైటు వెలగకూడదు. మా ఇంట్లో ఐదు నిమిషాల్లో పదిసార్లు వెలిగింది. లెక్క వేస్తే దాదాపు 37 వాట్లు. రోజంతా, నెలంతా అలా పోతే 27 యూనిట్లు! ఎవరూ వాడని కరెంటు.

టార్చి పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఇన్వర్టర్ ప్లగ్ పీకి మళ్లీ ఐదు నిమిషాలు లెక్కపెడితే మూడుసార్లే వెలిగింది. అంటే 26 వాట్లు దాదాపు ఇన్వర్టర్ ఒక్కటే లాగుతోంది, కరెంటు పోనప్పుడు కూడా. బ్యాటరీ ఆరేళ్లది, ఎంత ఛార్జింగ్ పెట్టినా నిండడం లేదు, అది అడుగుతూనే ఉంది, ఇన్వర్టర్ పోస్తూనే ఉంది. చిల్లుకుండకి నీళ్లు పోసినట్టు. మిగిలిన మూడు మినుకులూ సెట్‌టాప్ బాక్సువి. రిమోట్‌తో టీవీ కట్టేసి పడుకుంటాం కదా, బాక్సు మాత్రం మేలుకునే ఉంటుంది. దాన్ని ఇప్పుడు గోడ దగ్గరే ఆపేస్తున్నాం.

ఒక హెచ్చరిక. అన్నీ కట్టేసి, ప్లగ్గులన్నీ పీకాక కూడా లైటు వెలుగుతూనే ఉంటే, మీటరు తర్వాత ఉన్న మెయిన్ స్విచ్ కూడా దించి చూడండి. మెయిన్ దించితే ఆగిపోయి, ఎత్తితే మళ్లీ మొదలైతే ఇంటి వైరింగులో ఎక్కడో లీకేజీ ఉంది, లేదా మీకు తెలియకుండా ఇంకెవరి లైనో మీ మీటరు మీద ఉంది. మెట్ల దగ్గరి లైటు, కింద వాచ్‌మన్ గది, ఉమ్మడి మోటారు లాంటివి. పాత ఇళ్లని పోర్షన్లుగా చీల్చినచోట ఇది మామూలే. దానికి మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మీరు తెరవకండి. మెయిన్ దించినా వెలుగుతుంటే అది కరెంటాఫీసు పని, సీలు మీద చెయ్యి వేయొద్దు.

బిల్లులో స్లాబు

మీటరు చూశాక బిల్లు చూడండి. ఎంత కట్టామని కాదు, ఎన్ని యూనిట్లు అని. ఎందుకంటే యూనిట్ ధర అందరికీ ఒకటి కాదు, మీ ఇంట్లోనే మొదటి యూనిట్‌కీ చివరి యూనిట్‌కీ ఒకటి కాదు. ఇన్ని యూనిట్ల దాకా ఇంత రేటు అని మెట్లు మెట్లుగా ఉంటుంది, ఆ మెట్టునే స్లాబు అంటారు.

తెలంగాణలో 2022లో వచ్చిన రేట్ల ప్రకారం చూద్దాం. నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి 3.40 చొప్పున, రెండో వందకి 4.80 చొప్పున. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు అవీ కాకుండా. 201 కాలిస్తే? మొత్తం ఇంకో పట్టికలోకి మారిపోతుంది, మొదటి 200 యూనిట్లకీ 5.10 చొప్పున వేస్తారు, ఆ ఒక్కదానికి 7.70. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు. గృహజ్యోతి (200 యూనిట్ల దాకా సున్నా బిల్లు ఇచ్చే తెలంగాణ పథకం) ఉన్నవాళ్లకైతే ఇంకా గట్టి దెబ్బ, 200 దాటిందంటే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

అందుకే తెలంగాణలో ఉన్న మధ్యతరగతి ఇంటికి "కరెంటు ఆదా" అంటే నిజానికి ఒకటే ప్రశ్న: ఎండాకాలంలో 200 లోపు ఉండగలమా? మీ రీడింగ్ ఏ తేదీన తీస్తున్నారో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, పదిహేనో రోజున ఒకసారి మీటరు చూడండి. అప్పటికే 110 దాటిందంటే ఇంకా చేతిలో రెండు వారాలుంది, సర్దుకోవచ్చు.

ఆంధ్రాలో లెక్క వేరు. అక్కడ ఏ స్లాబు యూనిట్లకి ఆ స్లాబు రేటే: 2022 రేట్ల ప్రకారం 30 దాకా 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఒక్క యూనిట్‌తో బిల్లు ఎగిరి పడదు. కానీ మీరు తగ్గించే యూనిట్ ఎప్పుడూ పైనుంచి తగ్గుతుంది, అంటే అత్యంత ఖరీదైనదే ముందు పోతుంది. ఈ రేట్ల మీద ట్రూ అప్ అనీ ఇంధన సర్దుబాటు అనీ, కరెంటు కంపెనీలు తమకి అయిన అదనపు ఖర్చు తర్వాత వసూలు చేసేవి వేరే. వాటిని తిట్టుకోవడం తప్ప మనం చేయగలిగింది లేదు.

ఫ్యాన్లు, అన్నిటికంటే ముందు

మన ఇళ్లలో ఏడాదిలో పది నెలలు ఆగకుండా తిరిగేది ఫ్యాన్. మామూలు పాత సీలింగ్ ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు తింటుంది. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 34 యూనిట్ల దాకా. అదే బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఉన్నది) అయితే 30 వాట్లు అటూఇటుగా, నెలకి 13, 14 యూనిట్లు. ఒక్క ఫ్యాన్ మీద 20 యూనిట్లు మిగులుతాయి. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి మారిస్తే 40. నా ఆరు ఎల్ఈడీ బల్బులు కలిపి ఇచ్చింది నాలుగున్నర అని గుర్తుంచుకోండి.

అయితే అన్ని గదుల్లో ఒకేసారి మార్చే తొందర వద్దు. ఫ్యాన్ రెండున్నర మూడు వేలు. రోజంతా తిరిగేది రెండు మూడేళ్లలో డబ్బు తిరిగిస్తుంది, చుట్టాలొచ్చినప్పుడే తిరిగే గదిలోది మీ మనవళ్ల కాలానికి ఇస్తుంది. ఏ గదిలో ఫ్యాన్ ఎన్ని గంటలు తిరుగుతోందో ఒక రోజు గమనించి, ఎక్కువ తిరిగేదానితో మొదలుపెట్టండి.

బిగించేటప్పుడు ఒక్క విషయం దగ్గరుండి చూసుకోండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి గోడ మీద పాత రెగ్యులేటర్ ఉండకూడదు, దాని స్పీడు రిమోట్‌తోనే. వైరు రెగ్యులేటర్‌ని తప్పించి నేరుగా స్విచ్ నుంచి వెళ్లాలి. మా ఇంట్లో బిగించినతను "ఫుల్లులో పెట్టుకోండి సార్, ఏం కాదు" అని దాన్ని అలాగే వదిలేసి వెళ్లాడు. మా అబ్బాయి అలవాటు కొద్దీ రెండులో పెట్టాడు. ఫ్యాన్ తేనెటీగలా జుంయ్‌మనడం మొదలుపెట్టింది, రెండు వారాలకి రిమోట్ మాట వినడం మానేసింది. లోపల బోర్డు పోయింది. వారంటీలో మార్చారు కానీ ఆ పది రోజులూ టేబుల్ ఫ్యానే దిక్కు.

పాత ఫ్యాన్‌నే ఉంచుకుంటే కూడా రెండు పనులున్నాయి. గోడ మీద పెద్ద పెట్టెలాంటి పాతకాలం రెగ్యులేటర్ ఉంటే, మీరు స్పీడు తగ్గించినా మిగతా కరెంటు కొంత అందులో వేడిగా పోతుంది, ముట్టుకుంటే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కి మార్చండి. ఫ్యాన్ ఐదులో పెట్టినా నీరసంగా తిరుగుతుంటే కొత్తది కొనేముందు కండెన్సర్ మార్పించి చూడండి. వంద రూపాయల లోపు వస్తువు. రెక్కల మీది దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు, పండగకే కాకుండా నెలకోసారి తుడవండి.

నెత్తి మీద స్లాబు

ఇక అసలు విషయం. పై అంతస్తులో ఉన్నవాళ్లు, డాబా ఇల్లు ఉన్నవాళ్లు, రేకుల ఇల్లు ఉన్నవాళ్లు ఇది శ్రద్ధగా చదవండి, కింద పోర్షన్ వాళ్లు దాటేసి వెళ్లినా పర్లేదు.

కాంక్రీటు వేడిని మింగి దాచుకుంటుంది. మధ్యాహ్నమంతా తాగిన ఎండని సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఇంట్లోకి వదులుతుంది. అందుకే బయట రాత్రి తొమ్మిదికి గాలి చల్లబడినా లోపల ఉడికిపోతుంది. అప్పుడు ఫ్యాన్ పెంచుతాం, అది పైనున్న వేడి గాలినే కిందికి కొడుతుంది. తర్వాత ఏసీ వేస్తాం, అది గాలిని చల్లబరుస్తుంటే స్లాబు మళ్లీ వేడెక్కిస్తూ ఉంటుంది. మీరు ఏసీకి కట్టే బిల్లులో సగం ఆ స్లాబుతో కుస్తీకే పోతుందని నా అనుమానం.

ఎండ స్లాబులోకి దిగకుండా తిప్పికొట్టాలి. తెలుపు చేసేది ఆ పనే. హైదరాబాద్‌లో 2017లో బస్తీ ఇళ్ల మీద ప్రయోగాత్మకంగా తెల్లటి పొర వేసి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దీనికి కూల్ రూఫ్ పాలసీ అని ఒక విధానమే తెచ్చింది. రెండు డిగ్రీలేనా అనకండి. పడుకునే వేళ 36కీ 34కీ ఉన్న తేడా ఏమిటో పై పోర్షన్ వాళ్లనడగండి.

పని ఇలా చేయండి. నెల ముఖ్యం, మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఫిబ్రవరి, మార్చి మొదట్లో. వాన ఉండదు, స్లాబు మరీ కాలదు. ముందు డాబా ఊడ్చి, వైరు బ్రష్‌తో నాచూ ఊడిపోతున్న పాత పొరా గీకేయండి. నీళ్లు పోసి కడిగి, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో, ఎక్కడ పగుళ్లలోకి ఇంకుతున్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పగుళ్లు పూడ్చకుండా పైన ఎంత మంచి పెయింట్ వేసినా వానాకాలంలో బుడగలు లేచి ఊడిపోతుంది. పూడ్చాక రెండు మూడు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడే మేము దెబ్బతిన్నాం. మేస్త్రికి ఇంకో చోట పని ఉందట, కడిగిన మర్నాడే పెయింట్ వేసేశాడు, జూలైలో అప్పడంలా లేచింది. తడి ఉందో లేదో తెలియాలంటే సాయంత్రం ఒక పాలిథీన్ కవరు స్లాబు మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి వదిలేయండి. పొద్దున్నే కవరు లోపలివైపు చెమట పట్టి ఉంటే ఇంకా ఆరలేదు.

పెయింట్ ఉదయం పెందలాడే, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత వేయించండి. కాలుతున్న స్లాబు మీద వేస్తే అంటుకోకముందే ఎండిపోతుంది. ముందు ప్రైమర్, తర్వాత రెండు కోట్లు, ఒకటి నిలువుగా, రెండోది అడ్డంగా. కొనేటప్పుడు "కూల్ రూఫ్" అని డబ్బా మీద రాసి ఉన్నదే అడగండి. మామూలు గోడల తెల్ల పెయింట్ ఎండకీ వానకీ ఒక్క ఏడాది కూడా ఆగదు. పిట్టగోడల లోపలివైపు కూడా వేయించండి, అవి కూడా వేడిని పడేసేవే.

అంత ఖర్చు ఎందుకనుకుంటే సున్నం ఉంది. మా తాతల కాలం నుంచి ఉన్నదే. సున్నపురాళ్లు ముందురోజే పాత డ్రమ్ములో నీళ్లలో వేసి ఉడకనివ్వాలి. కుతకుతలాడి చిమ్ముతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్లద్దాలు పెట్టుకోండి, కంట్లో పడితే ప్రమాదం. చల్లారాక వడగట్టి, పట్టుకోవడానికి కొంచెం ఫెవికాల్ కలిపి, చీపురుతోనో పెద్ద బ్రష్‌తోనో రెండుసార్లు పూయండి. ఒక ఎండాకాలానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వానల్లో చాలా వరకు కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేసుకోవాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఇదే నయం. ఓనరు గారిని పెయింట్ వేయించమని అడిగితే నవ్వుతారు గానీ మీ డబ్బుతో సున్నం వేసుకుంటానంటే కాదనరు.

రేకుల ఇళ్లవాళ్లు ఒక్క మాట వినండి. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టకండి, పాత రేకు పెళుక్కుమని విరుగుతుంది. కింద దూలం ఉన్నచోట పలక వేసుకుని దాని మీదే కదలాలి. లేదంటే నిచ్చెన మీది నుంచి పొడుగు కర్రకి రోలర్ కట్టి పూయాలి.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే అలవాటు చాలామందికి ఉంది. చల్లబడుతుంది, నిజమే. కానీ ఆ నీళ్లు పైకెక్కించడానికి మోటారు నడపాలి, బోరు అడుగంటిన మే నెలలో అది రెండు రకాల నష్టం. నేను మానేశాను. దానికి బదులు పడకగది మీద వచ్చే భాగానికి నాలుగు గుంజలు పాతి గ్రీన్ నెట్ కట్టాను, కింద వడియాలు కూడా పెట్టుకోవచ్చు అని మా అమ్మ సంబరపడింది (నీడలో వడియాలు ఎండవమ్మా అని చెప్పాల్సి వచ్చింది).

కిటికీలు, కూలరు, ఏసీ

పడమటి గోడ, పడమటి కిటికీ సాయంత్రం మూడు నుంచి ఆరు దాకా మీ శత్రువులు. లోపల మందంగా కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది, ఇక కర్టెన్ వేడెక్కి గదిలోకే వదులుతుంది. ఆపాల్సింది బయట. వెదురు తడిక, షేడ్ నెట్, తాటాకు పందిరి, మల్లెతీగ, ఏదైనా సరే కిటికీ బయట ఉండాలి. పగలు పదింటికల్లా కిటికీలు మూసేయండి, రాత్రి ఎనిమిది దాటాక ఎదురెదురు కిటికీలు తెరవండి. దోమల జాలీ లేకపోతే ఇది జరిగే పని కాదు కాబట్టి జాలీకి పెట్టే ఖర్చు కూడా కరెంటు ఆదా ఖాతాలోనే రాసుకోండి.

కూలరు ఖమ్మం, రామగుండం, అనంతపురం లాంటి పొడి ఎండల ఊళ్లలో ఏసీకి నిజమైన పోటీ. 150, 200 వాట్లలో పని అయిపోతుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నంలో ఉన్నవాళ్లు మాత్రం దాని మీద డబ్బు పోయకండి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీళ్లు ఆవిరవ్వవు, ఒళ్లంతా జిడ్డు తప్ప చల్లదనం రాదు. కూలరు వాడేవాళ్లు ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిగించి కూలరు పెట్టుకుని "ఉక్కపోస్తోంది" అనేవాళ్లని చాలామందిని చూశాను.

ఏసీ ఉన్నవాళ్లు 26లో పెట్టి ఫ్యాన్ రెండులో తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ల లెక్క. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది భ్రమ. మామూలు ఏసీ 18కైనా 26కైనా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 18 దాకా ఆగకుండా పోతుంది, అంతే. ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి. బయటి యూనిట్‌కి నీడ ఉండాలి, కానీ చుట్టూ గాలి ఆడాలి, దాని ముందు పాత సామాన్లు పేర్చకండి. కొత్తది కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకండి. ఆ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఒక సంఖ్య ఉంటుంది (ఏసీకి అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క), ఆ సంఖ్యలు పోల్చండి. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడండి. ప్రమాణాలు పెంచుతూ పోతున్నారు కాబట్టి పాత స్టాకు మీద ఉన్న ఐదు నక్షత్రాలు ఇప్పటి లెక్కలో నాలుగో మూడో కావచ్చు. షాపువాడు భారీ తగ్గింపు ఇస్తున్నాడంటే ముందు అదే చూడండి.

ఫ్రిజ్

24 గంటలూ నడవాల్సిన వస్తువు ఇది. గోడకి ఆనించి పెట్టకండి, వెనక జానెడు ఖాళీ వదలండి. పొయ్యి పక్కన వద్దు. పైన అల్లికల గుడ్డ కప్పి, అది పక్కలకి వేలాడేలా వదిలి, మీద బియ్యం డబ్బా పెట్టే ఇళ్లు ఎన్నో. చాలా ఫ్రిజ్‌లకి పక్క గోడల నుంచే వేడి బయటికి పోతుంది, వాటిని కప్పేస్తే అది ఊపిరాడక ఎక్కువసేపు నడుస్తుంది.

తలుపు రబ్బరుకి ఒక పరీక్ష ఉంది. పది రూపాయల నోటు తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే బాగున్నట్టు. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పోయింది. అలా పైన, కింద, పక్కన నాలుగైదు చోట్ల చూడండి. మాది కింది మూలన వదులైంది. మార్చేముందు వేడినీళ్లలో తడిపిన గుడ్డతో రబ్బరు మడతల్లో పేరుకున్న జిడ్డు తుడిచి చూడండి, సగం సార్లు దానితోనే సర్దుకుంటుంది. సింగిల్ డోర్ అయితే ఐసు వేలెడు మందం పేరుకునేదాకా ఆగకుండా డీఫ్రాస్ట్ నొక్కండి. చలికాలంలో నంబరు తగ్గించండి. సాంబారు చల్లారాకే లోపల పెట్టండి, ఇది మీకు మీ అమ్మ చెప్పే ఉంటుంది.

నీళ్లు కాచడం, నీళ్లు ఎక్కించడం

15 లీటర్ల గీజరు నీళ్లని 25 డిగ్రీల నుంచి 60కి కాస్తే 0.6 యూనిట్‌కి కొంచెం పైన అవుతుంది. మనం చేసేదేమిటి, 60కి కాచి, అందులో సగం చన్నీళ్లు కలుపుకుని పోసుకోవడం. ఒక్కరే ఉంటే థర్మోస్టాట్ 50 దగ్గరికి తగ్గించండి, సరిపోతుంది. నలుగురుంటే ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు కానిచ్చేయండి, ఒకరు ఆరింటికి, ఒకరు ఎనిమిదింటికి అయితే మధ్యలో చల్లారిందాన్నే మళ్లీ కాయాలి. హీటర్ రాడ్ వాడేవాళ్లు ప్లాస్టిక్ బకెట్టే వాడండి, స్విచ్ కట్టేసి ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోండి. ఇది బిల్లు సంగతి కాదు, ప్రాణం సంగతి.

మోటారు గురించి ఎవరూ మాట్లాడరు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకి దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. ఖాళీ ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో ఇవాళ రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూడండి. 25 నిమిషాలది 40 అయిందంటే బోరులో నీళ్లు తగ్గాయి, లేదా ఫుట్‌వాల్వు కారుతోంది, లేదా మోటారు లోపల అరిగింది, ఏదైనా సరే ప్రతి రోజూ పావుగంట కరెంటు ఉత్తినే పోతోంది. ట్యాంకు నిండి పొర్లి వీధి దాకా పారేదాకా మోటారు గుర్తురాని ఇళ్లకి (మాది కూడా అంతే) ఆటోమేటిక్ లెవల్ స్విచ్ పెట్టించడమే మందు.

కొనకూడనిది

ప్లగ్‌లో పెడితే బిల్లు సగం తగ్గిపోతుందని ఆన్‌లైన్‌లో అమ్మే "పవర్ సేవర్" డబ్బాలు. విప్పి చూస్తే లోపల ఒక చిన్న కెపాసిటర్, ఒక ఆకుపచ్చ లైటు. ఇంటి మీటరు మీరు నిజంగా వాడిన యూనిట్లనే లెక్కిస్తుంది, ఆ డబ్బా వాటిని తగ్గించలేదు. ఆ ఆకుపచ్చ లైటు తినేది మాత్రం మీటరులో పడుతుంది.

సోలార్, ఆఖర్న

చాలామంది దీనితోనే మొదలుపెడతారు. నేను ఆఖర్న ఎందుకు పెట్టానంటే, నెలకి 240 కాలే ఇంటికి రెండు కిలోవాట్లు కావాలి, అదే ఇల్లు పై పనులన్నీ చేసి 150కి దిగితే ఒకటిన్నరలోపే సరిపోతుంది. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకి రోజుకి నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి, డాబా మీద దాదాపు వంద చదరపు అడుగుల చోటు తీసుకుంటాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. దరఖాస్తు పథకం పోర్టల్‌లో చేసుకోవాలి, పనికి అందులో నమోదైన వెండర్‌నే పెట్టుకోవాలి, లేకపోతే సబ్సిడీ రాదు. గృహజ్యోతిలో సున్నా బిల్లు వస్తున్నవాళ్లు తొందరపడక్కర్లేదు.

బిగించేముందు ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం మూడుకి డాబా ఎక్కి నీడలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ. ఒక ప్యానెల్ మీద నీడ పడితే దానితో వరుసగా కలిపినవన్నీ దెబ్బతినొచ్చు. స్టాండు కాస్త ఎత్తుగా, కింద మనిషి నడిచేలా కట్టించండి. ప్యానెళ్ల కింద పడే నీడ పడకగది మీద పడేలా జరిపించగలిగితే, ఆ గ్రీన్ నెట్ కూడా అక్కర్లేదు. మాకు నెట్ విప్పేశాక మిగిలిన గుంజలకి అమ్మ తీగ కట్టి బట్టలు ఆరేస్తోంది.